ఒక్క అయ్యగారు, పన్నెండు ఊళ్లు

మెదక్ చర్చి బొమ్మ వేయని క్రిస్మస్ సంచిక తెలుగు పత్రికల్లో దాదాపు ఉండదు. అదే జిల్లాలో చేగుంట పక్కనున్న వడియారం పేరు మాత్రం ఏ సంచికలోనూ కనిపించదు. తెలుగునాట గ్రామ సంఘాలు ఎలా పుట్టాయి, ఎలా నడుస్తున్నాయి, ఎందుకు పెరుగుతున్నాయి, ఎక్కడ చితికిపోయాయి అని అడిగేవారికి నేనైతే ముందు వడియారమే చూపిస్తాను. దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) గురువు పి.వై. లూక్, తర్వాతి కాలంలో హార్వర్డ్‌లో ఆచార్యుడైన జాన్ కార్మన్ 1959లో వడియారం పాస్టరేటులోని జంగరాయి సెక్షన్ పల్లెల్లో తిరిగి, అక్కడి క్రైస్తవుల బతుకును దగ్గరగా చూశారు. 1968లో ‘విలేజ్ క్రిస్టియన్స్ అండ్ హిందూ కల్చర్’ పేరుతో పుస్తకం వేశారు. యాభై ఏళ్లు గడిచాక కార్మనే మళ్లీ, ఈసారి చిల్కూరి వసంతరావుతో కలిసి, అవే పల్లెల సంగతి తేల్చుకోవడానికి పూనుకున్నారు. 2014లో వచ్చిన ఆ రెండో పుస్తకం ఉపశీర్షికలోనే తెలంగాణలో క్షీణత, పునరుజ్జీవం అన్న రెండు మాటలూ ఉన్నాయి. ఒకే చోటును యాభై ఏళ్ల తేడాతో రెండుసార్లు చూసిన ఇలాంటి పరిశీలనలు మనకు చాలా అరుదు.

పాస్టరేటు సంగతి బయటివారికి అంతగా తెలియదు. రోడ్డు మీద ఒక పెద్ద ఊరు. అక్కడ పాత కాంపౌండు, చింతచెట్లు, గురువుగారి బంగళా, గంట ఉన్న గుడి. చుట్టూ ఎనిమిది పది పల్లెలు, కొన్నిచోట్ల ఇరవై. ఒక్కో పల్లెలో ఒక్కో చిన్న సంఘం. కొన్నింటికి స్లాబు వేసిన మందిరం ఉంటుంది, కొన్నింటికి రేకుల షెడ్డు, మరికొన్నింటికి ఎవరో ఒకరి ఇంటి వాకిలి. వీటన్నిటికీ గురువు ఒక్కరే. 24 అధ్యక్ష మండలాల్లో (డయోసిసుల్లో) తమకు దాదాపు 14 వేల సంఘాలున్నాయని దక్షిణ ఇండియా సంఘం చెప్పుకుంటుంది. వాటిలో ఎక్కువ భాగం ఇలాంటి పల్లె సంఘాలే. కథోలికుల్లోనూ ఏర్పాటు ఇదే. విచారణ కేంద్రంలో గురువులు ఉంటారు, చుట్టూ ఉప విచారణలు ఉంటాయి. గురువులు రాని ఆదివారం పూజ ఉండదు, ఉపదేశి ప్రార్థన నడిపిస్తాడు. లూథరన్లకు గుంటూరు చుట్టూ, బాప్టిస్టులకు ఒంగోలు, నెల్లూరు చుట్టూ ఇదే పద్ధతి వేర్వేరు పేర్లతో సాగింది.

ఈ పద్ధతిని ఎవరూ కూర్చుని ఆలోచించి తయారు చేయలేదు. జనం ఒక్కసారిగా మీద పడటంతో అదే పుట్టింది. 1866లో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వర్తకుడు బాప్తిస్మం తీసుకుని, తన ఊరి చుట్టుపక్కల తన వాళ్లకు తానే చెప్పుకుంటూ తిరిగాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టేనాటికే పేరయ్య వేసిన బాట ఉంది. తర్వాత 1876-78 నాటి కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంతభాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇచ్చాడు. కూడు కోసం మతం మారారన్న మాట పడకూడదని కరువు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆపింది తెరవగానే, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. నీళ్లలో దిగి బాప్తిస్మాలిచ్చింది తెలుగు బోధకులే. ఇద్దరు నీళ్లలో ఉంటే మిగతావారు ఒడ్డున, వంతులవారీగా. ఒంగోలు సంఘం ప్రపంచంలోకెల్లా పెద్ద బాప్టిస్టు సంఘమని కొన్నేళ్లపాటు పేరు మోసింది. పేరుకే అది ఒక సంఘం. నిజానికి వందల పల్లెల్లోని గూడేలకు కలిపి పెట్టిన ఒక్క రిజిస్టరు. తర్వాత దాన్ని ముక్కలుగా విడదీయక తప్పలేదు.

ఈ అనుభవం సముద్రం కూడా దాటింది. నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు 1903లో జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు పంపారు. ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్లు అక్కడి తేయాకు, చెరకు తోటల్లో చెదిరి ఉన్నారు. కియర్స్‌నీ తేయాకు తోటలో మొదటి సంఘం కట్టుకుని, తర్వాత తోట నుంచి తోటకు తిరుగుతూ ఆయన చేసింది కూడా పాస్టరేటు పనే. దూరాలు మారాయి, పని మారలేదు.

పద్ధతికి ఒక రూపం, క్రమశిక్షణ తెచ్చింది దోర్నకల్. తిరునల్వేలి తమిళుడు వి.ఎస్. అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సభలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. అంతకు ముందే తిరునల్వేలి క్రైస్తవులు తమ డబ్బుతో తామే పెట్టుకున్న మిషనరీ సంఘం దోర్నకల్లో పనిచేస్తోంది. నిజాం రైల్వే లైను మీద చిన్న జంక్షను, చుట్టూ అడవి. ఆ చోట ఒక అధ్యక్ష మండలం పెట్టారు. ఆ ప్రాంతంలో 1912లో 57 వేల లోపున్న ఆంగ్లికన్ క్రైస్తవులు 1941కి 2 లక్షల 25 వేలయ్యారు. ఎడ్లబండి మీద ఊరూరా తిరిగిన బిషప్‌గా అజరయ్యను ఇప్పటికీ చెప్పుకుంటారు. బాప్తిస్మం పొందినవారు అక్కడికక్కడే తమ తల మీద తామే చెయ్యి పెట్టుకుని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాట పలకాలని ఆయన కోరేవారు. నీళ్లు ఆరకముందే ఆ మనిషి పక్క గూడేనికి బోధకుడన్నమాట. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన దోర్నకల్ కతీడ్రల్ను చూస్తే స్తంభాలు దేవాలయాన్ని, గుమ్మటాలు మసీదును గుర్తుకు తెస్తాయి. అందరూ దాని గురించే రాస్తారు. నాకు మాత్రం అజరయ్య అసలు కట్టడం వేరే అనిపిస్తుంది. 1930ల నాటికి ఆ మండలంలో పనిచేస్తున్న రెండు వేలకు పైగా గ్రామోపాధ్యాయులే ఆ కట్టడం.

ఈ ఉపాధ్యాయుడు పగలు గూడెం పిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు. రాత్రి, కూలి నుంచి వచ్చినవాళ్లు గంజి తాగి తీరిక చేసుకున్నాక, లాంతరు పెట్టి ప్రార్థన నడిపించేవాడు. చదువురాని పెద్దలకు పది ఆజ్ఞలు, పరలోక ప్రార్థన, కీర్తనలు నోటికి వచ్చేదాకా చెప్పేవాడు. జ్వరమొస్తే మందు తెచ్చేవాడు, పటేలు కొడితే అర్జీ రాసేవాడు. గురువు, అంటే అయ్యగారు, నెలకో రెణ్ణెల్లకో ఒకసారి వస్తే ప్రభురాత్రి భోజన సంస్కారం జరిగేది. మిగతా రోజులన్నీ ఈ ఉపాధ్యాయుడివే. కొందరిని ఉపదేశి అన్నారు, కొందరిని పంతులు అన్నారు, మెదక్ వైపు ఇవాంజెలిస్టు అన్నా అందరికీ తెలుసు. అతని భార్య ఆడవాళ్లను కూర్చోబెట్టి ప్రార్థన, పాట, కుట్టుపని నేర్పేది. జీతం పుచ్చుకునే బైబిలు స్త్రీలు వేరే ఉండేవారు. కాలినడకన గూడేలు తిరిగిన ఆ ఆడవాళ్ల పేర్లు చరిత్ర పుస్తకాల్లో తక్కువ, రిపోర్టుల్లోని అంకెల్లో ఎక్కువ.

మెదక్‌లో వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దారి కొంత వేరు. 1914లో మొదలుపెట్టి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ మహామందిరం కరువు రోజుల్లో వేలమందికి పని కల్పించింది. అయిదువేలమంది పట్టే గుడి అప్పటి మెదక్ ఊరికి ఎందుకు అని అడగవచ్చు. ఏడాదికి రెండు మూడుసార్లు పల్లె సంఘాలన్నీ ఒకచోట చేరినప్పుడు జవాబు కనిపిస్తుంది. ఊళ్లో వెలివాడలో పదిహేను కుటుంబాలుగా ఉండేవాళ్లు, ఆ రోజు ఆ రంగు అద్దాల కింద తాము ఇంతమందిమా అని చూసుకుంటారు. చిన్న సంఘానికి పెద్ద గుడితో అవసరం అక్కడ ఉంది.

డబ్బు సంగతి చెప్పకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. పల్లె సంఘాల్లో కానుక చాలాకాలం గింజల్లోనే వచ్చింది. వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చేవారు. దాత చేతిలో ఏమీ లేనప్పుడు కూడా దానం అలవాటు కావాలని అజరయ్య పట్టుబట్టారు, దాని మీద ‘క్రిస్టియన్ గివింగ్’ అనే పుస్తకమే రాశారు. ఇవాళ్టికీ ఆ పాత ఆర్థికం కళ్లకు కట్టేది పంట పండుగ రోజునే. గుడి ముందు పందిరి కింద సొరకాయలు, గుమ్మడికాయలు, ధాన్యం బస్తాలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, ఒక పక్క మేకపిల్ల. సంఘ పెద్ద వేలం పాడతాడు. సంతలో నలభై రూపాయలు చేసే గుమ్మడికాయ రెండు వందల దగ్గర మొదలవుతుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కుర్రాడు అయిదు వందలంటాడు, అతని పెదనాన్న పౌరుషానికి పోయి ఏడు వందలంటాడు, వెనక నుంచి ఆడవాళ్లు నవ్వుతారు. కొన్నవాడు ఆ కాయను మళ్లీ గుడికే ఇస్తాడు, అది ఇంకోసారి వేలానికి వస్తుంది. సాయంత్రానికి అన్ని సంఘాల పద్దు విడివిడిగా చదువుతారు. ఏ ఊరు ఎంత తెచ్చిందో అందరూ చెవులు రిక్కించి వింటారు. పాస్టరేటు కమిటీలో రాబోయే ఏడాది ఎవరి మాట చెల్లుతుందో సగం అక్కడే తేలిపోతుంది.

ఈ సొమ్ములో పెద్ద వాటా అసెస్‌మెంటు పేరుతో అధ్యక్ష మండలానికి పోతుంది, అక్కడి నుంచి గురువుల జీతాలు వస్తాయి. కొన్నేళ్లకోసారి గురువు బదిలీ అవుతారు. వచ్చినాయన ఊళ్ల పేర్లు, ఇంటి పేర్లు పట్టుకునేసరికి ఏడాది గడుస్తుంది. ఆదివారం పొద్దున ఆరున్నరకు ఒక తండాలో ఆరాధన ముగించి, తొమ్మిదిన్నరకు కేంద్రం గుడికి చేరి, మధ్యాహ్నం మరో ఊరు, చీకటి పడేవేళకు ఇంకో ఊరు. బైకు సైడు సంచిలో తెల్లని అంగీ, చిన్న పెట్టెలో సంస్కారం గిన్నెలు, ద్రాక్షరసం సీసా, రొట్టె. ‘‘అయ్యగారూ, వందనాలు. మా ఊళ్లో సంస్కారం ఎప్పుడండీ?’’ అన్నది ఆయన వారంలో ఎక్కువసార్లు వినే ప్రశ్న. కాలికి బలపం కట్టుకుని తిరిగినా నెలకు ఒక్కో ఊరికి దక్కేది గంటన్నర.

ఇక క్షీణత. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కతీడ్రల్లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘమనే ఒక్క సభ అయ్యారు. బిషప్పులున్న సభలు, బిషప్పులు లేని సభలు అలా కలవడం క్రైస్తవ లోకానికే కొత్త. పల్లెల్లో మాత్రం అదే కాలంలో నేల జారడం మొదలైంది. విదేశీ సొమ్ము తగ్గింది. ప్రభుత్వ బడి వచ్చాక మిషను బడి మూతపడింది, బడితోపాటు పంతులూ పోయాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవం పుచ్చుకున్న దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా లేకుండా పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో వారికి బీసీ-సీ కింద మిగిలింది ఒక్క శాతం రిజర్వేషన్. పిల్లాడి చదువు, ఉద్యోగం, సర్పంచి సీటు అన్నీ ఆ కాగితం మీద ఆధారపడ్డాక, బాప్తిస్మ రిజిస్టరులో పేరు రాయించుకోవడం బరువైన పని అయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా లెక్కల్లో 1971లో 4.19 శాతం ఉన్న క్రైస్తవులు 2011కి 1.34 శాతానికి తగ్గారు. అదే నలభై ఏళ్లలో ప్రతి మండల కేంద్రంలో మందిరాలు ఎన్ని పెరిగాయో బస్సు కిటికీలోంచి చూసినా తెలుస్తుంది. ఈ రెండూ ఒకేసారి నిజం. కాబట్టి ఏ పాస్టరేటైనా మేం పెరుగుతున్నామంటే ఏ లెక్కన అని అడగాలి. రిజిస్టరులో పాతిక పేర్లుంటాయి, ఆదివారం చాపల మీద అంతకు రెండింతల మంది కూర్చుంటారు. కార్మన్, వసంతరావుల రెండో పరిశీలనలోనూ తిరిగి పుంజుకున్న సంఘాల్లో బాప్తిస్మం తీసుకోని విశ్వాసులు, ముఖ్యంగా స్త్రీలు, రోగం నయమైందని వచ్చినవారు బాగా కనిపిస్తారు.

ఆ పునరుజ్జీవం పాత పాస్టరేట్ల ప్రతిభ వల్లే వచ్చిందనుకుంటే మనల్ని మనం మోసగించుకున్నట్టే. చాలా ఊళ్లలో ముందు వచ్చింది స్వతంత్ర బోధకుడు. ఏ సభకూ చెందనివాడు, వేదాంత కళాశాల గడప తొక్కనివాడు, అదే ఊళ్లో కాపురముండేవాడు. అర్ధరాత్రి బిడ్డకు ఫిట్స్ వస్తే తలుపు కొట్టగలిగేంత దగ్గర. ఉపదేశి ఖాళీ చేసిన అరుగు మీద అతను కూర్చున్నాడు. పెద్ద సభలవాళ్లు అతన్ని ఎగతాళి చేయడం నేను విన్నాను, ఆ ఎగతాళిలో అసూయ పాలే ఎక్కువ. అతని తప్పులూ తక్కువేమీ కాదు. లెక్కలు అడిగేవారుండరు, గుడి అతని పేరు మీదే ఉంటుంది, అతని తర్వాత కొడుకుదే. పాస్టరేటుకు కమిటీ ఉంది, ఆడిటు ఉంది, ఎన్నిక ఉంది. మనిషే లేడు. సమస్య మొత్తాన్ని నేను చూసే చోటు ఇదే.

సంఘాలు ఎందుకు ఇన్నిగా విడిపోయాయన్న ప్రశ్నకు దూరం ఒక్కటే కారణం కాదు. ఒకే ఊళ్లో మాలపల్లెకు ఒక గుడి, మాదిగగూడేనికి ఒక గుడి ఉన్న చోట్లు లేకపోలేదు. బాప్టిస్టుల్లో మాదిగలు, ఆంగ్లికన్, లూథరన్లలో మాలలు ఎక్కువగా చేరడం, గుంటూరు ప్రాంత కథోలికుల్లో రెడ్లు, కమ్మలు కూడా ఉండటం ఉద్యమాలు నడిచిన దారుల వల్ల జరిగింది. మనుషులు తమ కులం గీత దాటకుండానే క్రీస్తు దగ్గరికి రావడానికి ఇష్టపడతారని డొనాల్డ్ మెక్‌గావ్రన్ సిద్ధాంతీకరించి, చర్చి గ్రోత్ అనే ఒక విద్యనే లేపాడు. ఆయన మధ్యప్రదేశ్ దామోలో పుట్టిన మిషనరీ బిడ్డ. భారత దేశపు సామూహిక ఉద్యమాలను చూసే ఆ మాట అన్నాడు. నేడు అమెరికాలో యువకులకో సంఘం, ఫలానా భాషవారికో సంఘం అని పెట్టేవారు వాడుకునే సూత్రానికి మూలాలు మన గూడేల్లో ఉన్నాయి. అజరయ్య మాత్రం సంఘంలో కులం గీతలను ఒప్పలేదు. ఒకే బల్ల, ఒకే గిన్నె అన్నదాన్ని ఆయన వదలలేదు. లెక్కల్లో మెక్‌గావ్రన్ గెలిచి ఉండవచ్చు. గిన్నె విషయంలో నేను అజరయ్య వైపే.

నగరంలో సంఘాలను విడదీసేది భాష, గడియారం. సికింద్రాబాద్‌లో కంటోన్మెంటు దొరల కోసం 1813లో కట్టిన సెయింట్ జాన్స్ నుంచి మొదలుపెడితే, పటాలాల వెంట వచ్చిన తమిళులు, రైల్వే ఆంగ్లో ఇండియన్లు, పల్లెల నుంచి వచ్చిన తెలుగువాళ్లు జంట నగరాల గుడులను వేళలవారీగా పంచుకుంటూ వచ్చారు. ఉదయం ఇంగ్లిషు, తర్వాత తెలుగు, మరో గుడిలో తమిళం. ఒకే ప్రాంగణం, పార్కింగు దగ్గర మాత్రమే పలకరింపులు. ఒక భాషవారు హార్మోనియం బీరువాకు తాళం వేసుకుపోయారని ఇంకో భాషవారు కమిటీలో తగువు పెట్టుకోవడం నగర పాస్టరేట్లలో కొత్త కథేమీ కాదు. దీనికి పూర్తి భిన్నంగా బోధకుడు బఖ్త్ సింగ్ హైదరాబాద్ గోల్కొండ క్రాస్‌రోడ్డులోని హెబ్రోను కేంద్రంగా జీతం పుచ్చుకునే గురువు లేకుండా పెద్దలే నడిపే సహవాసాలు పెంచారు. ఆరాధన కాగానే అందరూ బంతిలో కూర్చుని ప్రేమవిందు తినడం ఆ సహవాసాల ముద్ర. 2000లో ఆయన పోయేనాటికి ఆ సహవాసాలు దేశమంతటా ఉన్నాయి. ఇప్పటి భారీ మందిరాల్లో ఒకే వేదిక మీద ఆదివారం నాలుగైదు ఆరాధనలు జరుగుతాయి. వేలమంది వస్తారు, పక్క కుర్చీలోవారి పేరు తెలియకుండా వెళ్తారు. దాన్ని పాస్టరేటులాంటి సంఘాల సమూహం అనడానికి నాకు నోరు రాదు.

పై అంతస్తుల్లో మార్పు కొంత కనిపిస్తోంది. నంద్యాలలో 2013లో ఇ. పుష్పలలిత సీఎస్ఐ మొదటి మహిళా బిషప్ అయ్యారు. హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంతోని 2022లో కార్డినల్ అయ్యారు, తెలుగువారిలోనూ దళితుల్లోనూ ఆ పదవి పొందిన మొదటివారు. ఈ గౌరవాలు పల్లెదాకా దిగాలంటే ఉప సంఘానికి కూడా నోరుండాలి. ఇప్పుడు పాస్టరేటు కమిటీలో కేంద్రం గుడివాళ్లదే బలం. పల్లెల నుంచి ఒక్కో ప్రతినిధి వస్తాడు, చివరి బస్సు కోసం సమావేశం సగంలోనే లేచిపోతాడు. గుడి కాంపౌండులోని షాపుల అద్దె ఎంత వస్తోంది, దేనికి పోతోంది అన్న చర్చ అతను వెళ్లాక జరుగుతుంది.

కొత్త పాస్టరేటు కావాలంటే గురువు జీతానికి సరిపడా అసెస్‌మెంటు కట్టగలమని చూపాలి. అందుకే నగర శివార్లలో అపార్టుమెంట్ల మధ్య పుట్టిన సంఘం నాలుగేళ్లలో విడిపోయి సొంత గురువును తెచ్చుకుంటుంది. ఎనభై ఏళ్లుగా ఉన్న పల్లె సంఘం మాత్రం నెలకు గంటన్నర దగ్గరే ఆగిపోతుంది. శివారు సంఘం కట్టే ప్రతి స్లాబుకు ఒక ఉపదేశి జీతం ముడిపెట్టి, ఆ మనిషిని ఊళ్లోనే కాపురముంచాలన్న ప్రతిపాదన కొందరు గురువుల నోట విన్నాను. సంఘ పెద్దలు దానికి చెప్పే అభ్యంతరమూ ఉంది. ఇవాళ ఎవరి పిల్లలు పల్లెలో ఉపదేశిగా ఉంటారు, ఎంత జీతానికి ఉంటారు అని. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5 వేల రూపాయల గౌరవ వేతనం ప్రకటించినప్పుడు దరఖాస్తుకు ఎగబడినవాళ్లలో చాలామంది ఎవరి జీతమూ లేకుండా ఏళ్ల తరబడి ఊళ్లలో ఉంటున్నవాళ్లే. మనుషులు దొరకరన్న వాదన నాకు అంతగా రుచించకపోవడానికి కారణం అదే.